దిగేటప్పుడు తీసుకో

నా పని నవ్వులు అతికించడం.
కెంగేరి దాటాక ఒక షెడ్డు, అందులో కిటికీ లేని గది,
నా కంప్యూటర్లో నూట అరవై రెండు నవ్వులు.
పెళ్ళివారి నవ్వు, వెనక బెంచీ నవ్వు,
అర్థంకాక పక్కవాణ్ణి చూసి నవ్వే నవ్వు.
అదే ఎక్కువ ఖర్చవుతుంది.

శుక్రవారం తొమ్మిదిన్నరకి ఎర్రకుర్చీలో
మోనా మేడమ్ తల వెనక్కి వాల్చి
బల్ల మీద కొట్టి కొట్టి నవ్వుతుంది చూడండి,
ఆ నవ్వు కింద నేనుంటాను.

మోనా కాదు, మునిలక్ష్మి.
హొస్కోటె పాపన్న కూతురు.
"పేరులో ముని ఉంటే నవ్వెలా వస్తుంది?" అన్నాడట ఛానెల్ పెద్ద.
ఆ సీజన్ మొత్తానికి అదొక్కటే మంచి జోకు.

దొమ్మలూరులో కాఫీ హోటల్ మేడ మీద
మంగళవారాలు ఓపెన్ మైక్ ఉండేది.
మైకు నాది, స్పీకరు అద్దెది.
పదకొండుమంది జనం.
అందులో నలుగురు తమ వంతుకోసం కూర్చున్నవాళ్ళు,
వాళ్ళు చచ్చినా నవ్వరు.
కాల్ సెంటర్ నైట్ షిఫ్టుకి ముందు
మెడలో కార్డుతోనే ఎక్కేది మునిలక్ష్మి.
"ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ, బాడుగ కట్టేకాడ తమిళం.
కోపం ఏ భాషలో వస్తాదో
వచ్చేదాకా నాకే తెలీదు."

నాలుగు నెలలు ఎవరూ నవ్వలేదు.
ఒకసారి ఫ్యాను కిర్రుమంది.
దానికి చేతులెత్తి దండం పెట్టింది.
ఇద్దరు నవ్వారు.
దారం అక్కడ దొరికింది.

ఇక ఆ రాత్రి:
"మా నాయన సిటీ బస్సు కండక్టరు.
ఇంట్లో కూడా చిల్లర ఇయ్యడు.
కాలేజీ ఫీజు అడిగితే
టికెట్ వెనక రాసిచ్చినాడు, ఎనిమిది వేల రెండొందలు.
కింద గీత గీసి, దిగేటప్పుడు తీసుకో అన్నాడు.
మూడేండ్లాయె.
నేనింకా దిగల్యా."

జనం విరగబడ్డారు.
అందరూ ఆగాక, రెండు క్షణాలకి,
తలుపు దగ్గర్నించి ఒక నవ్వు,
బరువుగా, చివర దగ్గుతో.
ఖాకీ చొక్కా, చంకలో తోలు సంచి.
లైటు కళ్ళలో పడి ఆమెకి కనపడలేదు.

మెట్ల మీద నాతో అన్నాడు:
"అందరూ నగుతా ఉండారు, నేనూ నగితి.
ఆ ఫీజు కట్టేస్తినే, అది చెప్పలేదే పాప?"
చెప్తే జోకు పోతుంది, అన్నాను.
"అట్లనా."
కాసేపు ఆలోచించాడు.
టీ డబ్బులు తనే ఇచ్చాడు, సరిగ్గా చిల్లరతో.

తర్వాతది మీకు తెలిసిందే.
ఒక వీడియో, నలభై పెళ్ళిళ్ళు, కంపెనీ పార్టీలు, యాంకరు, జడ్జి.
సిల్క్ బోర్డు దగ్గర ముప్పై అడుగుల ముఖం,
సిగ్నల్ పుణ్యమా అని
ఊరు ఊరంతా ముప్పావుగంట చూస్తుంది.
"నగు కాదు మేడమ్, నవ్వు అనండి" అన్నారు.
అంటోంది.
ఇప్పుడామె జోకులు రాయదు.
నవ్వుతుంది. దానికే జీతం.

పోయిన మార్చిలో పాపన్న పోయాడు.
ఆ శుక్రవారం కూడా ఎపిసోడ్ వచ్చింది,
ముందే తీసి ఉంచింది.
శవం పక్క ఇంట్లో ఎవరి టీవీలోనో
కూతురు బల్ల కొడుతూనే ఉంది.

పద్నాలుగో నంబరు నవ్వు పేరు 'తలుపు'.
దగ్గు కత్తిరించి వాడతాను,
వారానికొకసారి, ఆమె నవ్వు కింద, మెత్తగా.
ఒకసారి హెడ్‌ఫోన్ పెట్టుకుని వింటూ ఆగింది.
"ఇదెవరిది?"
స్టాకు మేడమ్, అన్నాను.
ఇంకోసారి వెయ్యమంది. వేశాను.
టచప్ అబ్బాయి వచ్చి పిలిచాడు, వెళ్ళిపోయింది.

దగ్గుతో సహా ఆమెకివ్వాలి.
ఇస్తాను.
పర్సులో ఒక పాత టికెట్ వెనక రాసి పెట్టుకున్నాను,
కింద గీత గీసి.

చాలామంది మర్చిపోయి దిగిపోతారు.
ఆ సంగతి కండక్టర్లకి తెలుసు.